ఎడమ చెప్పు తెగినంత మాత్రాన

మానవజాతి ముందు నిప్పును కనిపెట్టింది, తర్వాత చక్రాన్ని కనిపెట్టింది, ఆపైన చాలాకాలం తీరిగ్గా ఆలోచించి స్కూలు ప్రాజెక్టును కనిపెట్టింది. మొదటి రెండిటి వల్ల మనిషికి కొంత మేలు జరిగిందని పెద్దలు ఒప్పుకున్నారు. మూడోదాని మేలు గురించి పరిశీలన ఇంకా సాగుతోంది.

ఆ ఏటి ప్రాజెక్టు పేరు 'ఇంట్లోని పనికిరాని వస్తువులతో ఇంజనీరింగ్'. ఈ ఆదేశం పిల్లలకంటే ముందు తల్లిదండ్రుల ఫోన్లకు చేరింది (ప్రాజెక్టులు ఎవరు చేస్తారో స్కూలుకు తెలియనిది కాదు). సాయంత్రానికల్లా ఊళ్లో చెత్తకు కరువొచ్చింది. ఖాళీ సీసాల కోసం జనం నిండు సీసాలు కొని, లోపలున్నది కాలవలో పారబోశారు. అట్టపెట్టె కావాలని ఒకాయన కొత్త ఫ్రిజ్ కొన్నాడు. చెత్త బండి మనిషి వీధులన్నీ తిరిగి, బోసిగా ఉన్న బండితో వెనక్కొచ్చి, తన ఉద్యోగం ఉన్నట్టా ఊడినట్టా అని పైవాళ్లను అడిగాడు. పాత సామాన్ల కొట్టు ముందు 'తాజా చెత్త వచ్చింది' అని బోర్డు వెలిసింది.

కళ్లద్దాల కొట్టు నడుపుకునే ఒక తండ్రికి మాత్రం ఈ హడావుడి అంటలేదు. ఆయన కూతురు ఆదేశం రాకముందే పనిలో దిగింది. ఆరో తరగతి చదివే ఆ పిల్లను ఇంటా బయటా పిడుగు అంటారు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పిడుగు తరగతి మేడ మీద ఉంది. మేడ మీది కుళాయిలో నీళ్లు రావు. రావాలన్న సంగతి ఆ కుళాయి కూడా మరిచిపోయి చాలాకాలమైంది. అందుకని కింది తొట్టిలోంచి బకెట్లతో నీళ్లు మోయడం ఆరో తరగతి వాళ్ల వంతు (టైంటేబుల్లో దీన్ని 'వ్యాయామం' అని చూపిస్తారు). పిడుగు పక్కన కూర్చునే స్నేహితురాలు ఆ మెట్ల మీద బకెట్‌తో సహా జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ రోజు పిడుగు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"మేమెందుకు ఎక్కాలి నాన్నా? నీళ్లే ఎక్కేలా చేస్తా," అంది.

అన్నదే తడవుగా ఇల్లు పీకి పందిరేసింది. తన చిన్నప్పటి మూడు చక్రాల సైకిల్ లోంచి ఒక చక్రం ఊడదీసింది. బట్టలారేసే తాడు విప్పింది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ గొట్టాన్ని పెరట్లోంచి లాక్కొచ్చింది. తాడుకు జానెడుకొకటి చొప్పున రబ్బరు బిళ్లలు గుచ్చి, దాన్ని గొట్టంలోంచి దూర్చి, పైన చక్రానికి చుట్టాలి. చక్రం తిప్పితే తాడు పైకి పాకుతుంది, ఒక్కో బిళ్లా తన నెత్తిమీది నీళ్లను మోసుకొస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. రబ్బరు ఏదీ?

తండ్రి హవాయి చెప్పుల్లో ఎడమదానికి పట్టీ తెగింది.

"నాన్నా, నీ చెప్పులిస్తావా?"

"తెగింది ఒకటేగా తల్లీ!"

"ఒకటి చాలదు. లెక్కేశాను."

"ఇచ్చెయ్యండి," అంది వంటింట్లోంచి తల్లి. "ఇంకా నయం, మంచం అడగలేదు. తాడెలాగూ పోయింది, రేపట్నుంచి తడిబట్టలు మీ మెడలో ఆరేస్తాను."

అద్దాలు గుండ్రంగా కోసి కోసి చెయ్యి తిరిగిన తండ్రి, బిళ్ల ఎలా కోయాలో ఒక్కటి కోసి చూపించాడు. మిగతావన్నీ పిడుగే కోసింది. బాల్కనీ నుంచి కింది డ్రమ్ములోకి గొట్టం దించి చక్రం తిప్పగానే, గొట్టం ముందు గొణిగింది, తర్వాత దగ్గింది, ఆ తర్వాత నీళ్లన్నీ తెచ్చి తల్లి మొహాన కొట్టింది. తల్లి కేకేసింది, పిడుగు గెంతింది, తండ్రి వట్టికాళ్లతో బాల్కనీ అంతా చిందులేశాడు. ఎదురింటివాళ్లు తలుపేసుకున్నారు.

అయితే వస్తువు పనికిరానిదని పిల్లలు అనుకుంటే సరిపోదు. ప్రభువులు అనుకోవాలి. అందుకు స్కూల్లో 'వృథా నిర్ధారణ అధికారి' అనే పదవి సృష్టించి, దాన్ని డ్రిల్లు మాస్టారికి కట్టబెట్టారు (మిగతా మాస్టార్లకు పాఠాలున్నాయి). గాలిపోయిన బంతుల మధ్య బల్ల వేసుకుని, మెడలో ఈలతో ఆయన నిర్ధారణ ప్రారంభించారు.

"ఈ తాడేంటి?"

"బట్టలారేసుకునేదండీ," అన్నాడు తండ్రి.

"అంటే పనికొచ్చేదే."

"ఇప్పుడు ఆరేసుకోవట్లేదండీ."

"మరి బట్టలు?"

"తడివే కట్టుకుంటున్నామండీ."

మాస్టారు తండ్రి చొక్కా ముట్టుకుని చూసి, తృప్తిపడి తాడును పాస్ చేశారు. చక్రమూ గొట్టమూ కూడా గట్టెక్కాయి. చెప్పుల దగ్గర ఈల మోగింది.

"ఎడమది తెగింది, ఒప్పుకుంటాను. కుడిది తెగలేదుగా?"

"ఎడమది లేకుండా కుడిదాంతో ఏం చేసుకుంటాం మాస్టారూ?"

"అది మీ ఇంటి విషయం. ఎడమ చెప్పు తెగినంత మాత్రాన కుడి చెప్పు పనికిరానిదైపోదు. ఈ బిళ్లల్లో కుడివేవో ఏరి పక్కన పెట్టండి."

తండ్రి బిళ్లల్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పిడుగు ఒకదాన్ని వాసన కూడా చూసింది. తేలలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మాస్టారు, చివరికి దయతలచి ఒక మార్గం చూపించారు. ఈ సామానంతా ఎందుకూ పనికిరాదని, ఇకముందు కూడా రాబోదని తండ్రి హామీ రాసివ్వాలి. తండ్రి ఆనందంగా రాసిచ్చాడు. కూతురి కోసం అవసరమైతే తానే పనికిరాడని రాసిచ్చేవాడు.

ప్రదర్శన రోజున వృథా వినియోగ పర్యవేక్షణ ఉప సంచాలకులవారు వేంచేశారు. వరసలో మొదటిది థర్మోకోల్‌తో కట్టిన 'మేడ మీదికి నీళ్లు: ఒక ఆదర్శ నమూనా'. అందులో నీళ్లంటే నీలంరంగు మెరుపు కాగితం. దాన్ని చేసిన విద్యార్థి దాన్ని చూడటం అదే మొదటిసారి. ఉప సంచాలకులవారు దాని చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, మెచ్చుకుని, మేడ ఎక్కారు.

అక్కడ కింది తొట్టిలోకి గొట్టం దించి పిడుగు చక్రం తిప్పింది.

గొట్టం గొణిగింది, దగ్గింది, భళ్లున కక్కింది. వరండాలోని డ్రమ్ము నిండింది, పొర్లింది. పిల్లలు ఒకటే కేకలు. చేతికి కట్టుతో ఉన్న స్నేహితురాలు బాగున్న చెయ్యి ధార కింద పెట్టి, పిచ్చిపట్టినట్టు నవ్వడం మొదలుపెట్టింది. టీచర్లు దోసిళ్లు పట్టారు. హెడ్మిస్ట్రెస్ ఎవరూ చూడటం లేదనుకుని రెండు గెంతులు గెంతింది. నీళ్లు ఉప సంచాలకులవారి బూట్లలోకి కూడా సమానత్వంతో ప్రవేశించాయి. తండ్రి ఇక్కడా వట్టికాళ్లతో చిందులేశాడు.

ఉప సంచాలకులవారు ఒక కాలెత్తి బూటు వంపుకుని, హామీ పత్రం తెప్పించుకున్నారు.

"ఇకముందు కూడా పనికిరావని రాసింది మీరేనా?"

"నేనేనండీ."

"మరిప్పుడు పనిచేస్తోంది కదా?"

"బ్రహ్మాండంగా చేస్తోందండీ!"

"అదేనండీ మా ఇబ్బంది."

తీర్పు మైకులో చదివారు. పనికిరాని వస్తువుల విభాగంలో పనికొచ్చే వస్తువులు ప్రవేశపెట్టినందుకు పిడుగు ప్రాజెక్టు పోటీకి అనర్హం. తప్పుడు హామీ ఇచ్చిన తండ్రిని ఈసారికి క్షమించడమైనది. మొదటి బహుమతి థర్మోకోల్ నమూనాకు, ఒక్క చుక్క కూడా ఒలకనందుకు. ఇక అనర్హమైన యంత్రం పనికొచ్చేదని అందరి ఎదుటా రుజువైంది కనక, అది స్కూలు ఆస్తి అయింది. ఆస్తిని వాడితే అరిగిపోతుంది. కాబట్టి దాన్ని స్టోరురూములో పెట్టి తాళం వేయాలని ఆదేశం.

మర్నాడు తండ్రి కొట్టు తెరవకుండా స్కూలుకు వెళ్లాడు, ఎవరి కాళ్లయినా పట్టుకుని ఆ తాళం తీయిద్దామని. మెట్ల దగ్గర పిడుగు కనిపించింది. రెండు చేతులతో బకెట్ పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. ఆయన పరుగున వెళ్లి బకెట్ అందుకోబోయేంతలో ఈల మోగింది. మెట్ల మలుపులో, అందరికీ కనబడేలా బల్ల వేసి, మొదటి బహుమతి నమూనాను ప్రతిష్ఠించి ఉంది. పక్కనే కాపలాగా డ్రిల్లు మాస్టారు.

"చూసుకుని ఎక్కమ్మా, మీద చుక్క పడనీకు," అన్నారాయన. "నీళ్ల ప్రాజెక్టది, తడిస్తే పాడైపోతుంది."