నిప్పు పట్టినోళ్లు రిపేరు ముట్టద్దు

ఆ శనివారం ఉదయం యామిని పెట్టుకున్న పని ఒక్కటే. ఫ్యాక్టరీ బస్సు ఎక్కేలోపు ఒక రూలు తయారు చేయాలి. ఆ రూలు మహితను ఆపగలగాలి.

మహిత ఆమెకు చిన్ననాటి నుంచీ స్నేహితురాలు. ఆపవలసింది ఆటలో మహిత నడిపే మంత్రగత్తెను. పటేల్‌గూడలో మహిత వాళ్ళింట్లో ప్రతి ఆదివారం కొందరు స్నేహితులు బల్ల చుట్టూ చేరి, పాచికలు వేసుకుంటూ, ఒక మాయాలోకపు కథను ఆటగా ఆడతారు. ఒకరు కత్తి పట్టిన వీరుడు, ఒకరు దొంగ, ఒకరు మంత్రగత్తె. వాళ్ళకు ఎదురుపడే కోటలనూ భూతాలనూ కల్పించి కథ నడిపేది యామిని. ఆట పుస్తకంలో ఉన్న రూలు నచ్చకపోతే తమ ఇంటి రూలు పెట్టుకునే అధికారం కూడా ఆమెదే.

మహిత మంత్రగత్తెకు రెండు విద్యలు వచ్చు. ఒకటి నిప్పులు కురిపించేది, రెండోది గాయాలు మాన్పేది. ఆడేవాళ్ళంతా ఫ్యాక్టరీల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు కాబట్టి ఆ విద్యలను ‘నిప్పు’, ‘రిపేరు’ అని పిలుచుకునేవారు. చివర్లో వచ్చే పెద్ద రాక్షసుడు ‘బాస్’. మహిత ఒక చేత్తో నిప్పు, ఇంకో చేత్తో రిపేరు నడిపేది. రాక్షసుడు కాలిపోతూ ఉండేవాడు, ఆమె జట్టుకు మాత్రం గీత కూడా పడేది కాదు. యామిని ఎంతో ఇష్టంగా తయారుచేసిన ప్రతి బాసూ, ఆమె ఇంకా అతని మీసాలు వర్ణిస్తూ ఉండగానే బూడిదయ్యేవాడు.

రేపు ఆఖరి ఆట. జట్టులో కత్తివీరుడైన వెంకట సాయికి హోసూరులో ఉద్యోగం వచ్చింది. అతను వెళ్ళిపోతే జట్టు మళ్ళీ ఇలా కూర్చోవడం జరగదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. రేపటి బాస్ కోసం యామిని వానాకాలమంతా ఆలోచించింది. కరిగిన ఇనుము కాలువలై పారే కోట, దాని నడుమ సింహాసనం, దానిమీద వాడు. వాడు కనీసం భోజనాల దాకా బతకాలని ఆమె పట్టుదల.

పళ్ళు తోముకుంటూ మొదటి రూలు ఆలోచించింది. రెండు విద్యలున్నవాళ్ళకు రెండింటిలోనూ సగం బలమే. అయితే కష్టపడి రెండు నేర్చుకున్నందుకు శిక్ష వేసినట్లుంటుంది, పైగా సగం నిప్పుతో కోటంతా ఎలా కాల్చాలో మహిత ఇట్టే కనిపెడుతుంది. జడ వేసుకుంటూ రెండో రూలు ఆలోచించింది. రెండు విద్యలూ ఒకే కుండలో నీళ్ళలా ఒకే శక్తిలోంచి ఖర్చు కావాలి. ఇది న్యాయంగానే ఉంది. కానీ ప్రతి మంత్రానికీ కూడికలూ తీసివేతలూ చేస్తూ కూర్చుంటే వెంకట సాయి నిద్రపోతాడు.

నిద్ర దగ్గర ఆమె ఆలోచన ఆగిపోయింది. నిప్పు పుట్టించాలంటే ఒళ్ళంతా వేడెక్కాలి. గాయం మాన్పాలంటే చెయ్యి చల్లగా ఉండాలి. వేడెక్కిన ఒళ్ళు చల్లబడాలంటే పడుకొని లేవాలి. కాబట్టి పూటకు ఒకటే విద్య. తల్లి ప్రభావతి ఇడ్లీ పళ్ళెం ముందు పెట్టి, పొద్దున్నే ఎవరిమీద అంత కోపమని అడిగింది. కోపం కాదు న్యాయమని చెప్పి, యామిని రెండు ఇడ్లీలు మింగి సంగారెడ్డి చౌరస్తాకు పరుగెత్తింది.

కర్దనూర్ దగ్గర పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఆమె ప్లానింగ్ ఇంజనీరు. ఏ పని ఎవరు ఎప్పుడు చేయాలో అక్కడ ఆమే చెబుతుంది. ఆమె చెప్పినదాన్ని తిరిగి అడిగే అలవాటు ఎవరికీ లేదు, ఎందుకంటే అడిగితే ఆమె మళ్ళీ మొదటినుంచి చెబుతుంది. శనివారం పనివాళ్ళకు ఫోనులో ‘సాటర్‌డే టీమ్’ అని ఒక గ్రూపు పెట్టింది. ఆట స్నేహితులకు ‘సండే టీమ్’ అని ఇంకోటి పెట్టింది. బస్సు కుదుపుల్లో టైపు చేయడం కుదరక, ఫోను నోటి దగ్గర పెట్టుకొని గట్టిగా మాట్లాడింది.

“అందరు మంచిగ వినుర్రి. ఇగ నుంచి కొత్త రూల్. రెండు విద్యలున్నోళ్లు ఒక పూటల ఒక్కటే వాడాలె. నిప్పు పట్టినోళ్లు రిపేరు ముట్టద్దు, రిపేరు చేసినోళ్లు నిప్పు ముట్టద్దు. రెండోది గావాలంటే పండుకొని లేవాలె. మీరు గిట్లనే ఇష్టమొచ్చినట్లు చేసుకుంట పోతే బాస్ జెర సేపట్ల సస్తడు. ఆయన్ని ఎట్ల బతికియ్యాలెనో నాకు సమజైత లేదు. ఒప్పుకోనోళ్లు రావద్దు, గంతే.”

పంపించి, బాధ్యత తీరిన మనిషిలా సీటుకు చేరగిలబడింది. బస్సు దిగగానే ఆమెను మీటింగుకు పిలిచారు. ట్యాంకులు కొనే కంపెనీవాళ్ళు వచ్చారు, ఫోన్లు బయటే పెట్టించారు. ఆ సమయంలో గేటు బయట టీ కొట్టు దగ్గర ‘సాటర్‌డే టీమ్’ అంతా చేరి, ఒక ఫోను చుట్టూ తలలు దగ్గరపెట్టి ఆమె గొంతు వింటున్నది.

ఐలన్న ఆ మాటలను రెండుసార్లు విన్నాడు. అతను వెల్డింగూ చేస్తాడు, మిషన్లు పాడైతే రిపేరూ చేస్తాడు. రెండు విద్యలున్నోడు అంటే తానేనని అతనికి వెంటనే అర్థమైంది. ఇన్నాళ్ళకు మన కష్టం ఒకరికి కనిపించిందని పక్కవాళ్ళతో అన్నాడు. బిహారు నుంచి వచ్చిన గ్రైండింగు కుర్రాళ్ళు ఏమైందని అడిగితే, వాళ్ళలో తెలుగు కొంచెం వచ్చిన సునీల్‌కుమార్ తనకు అందినంత చెప్పాడు. “మేడం నే బోలా, సో జావ్.” అంటే, మేడం పడుకోమన్నది.

కాసేపట్లోనే షెడ్డు తీరు మారిపోయింది. ఐలన్న ఒక ట్యాంకుకు అతుకు వేసి, వెల్డింగు ముసుగు తీసి పక్కన పెట్టాడు. అంతలో కంప్రెసరు బెల్టు తెగింది. సూపర్‌వైజరు పిలిస్తే, తాను ఈ పూట నిప్పు పట్టానని మర్యాదగా చెప్పి అట్టముక్క పరుచుకొని పడుకున్నాడు. గోనెసంచుల మీద గ్రైండింగు కుర్రాళ్ళు అప్పటికే మంచి నిద్రలో ఉన్నారు. చెట్లకు నీళ్ళు పోసిన వాచ్‌మన్ గేటు తీయడానికి సందేహించాడు. బయట ఒక లారీ హారను కొట్టీ కొట్టీ ఊరుకుంది.

బాస్ సంగతి ఇంకో దారిన నడిచింది. అక్కడ బాస్ అంటే ఫ్యాక్టరీ అధిపతి చంద్రకాంత్ ఒక్కడే. యాభై దాటినా కుదురుగా కూర్చునే మనిషి కాదు. పర్చేజు మేనేజరు మానేసిన తరువాత ఆ పని కూడా తానే చేస్తూ, ఒక చెవికి ఒక ఫోను, ఇంకో చెవికి ఇంకో ఫోను పెట్టుకొని తిరిగేవాడు. ఆ ఉదయం అతను మెట్లెక్కబోతే ఇద్దరు చెరో రెక్క పట్టుకున్నారు. టీ అడిగితే కొబ్బరినీళ్ళు వచ్చాయి. ఎవరిమీదో కేక వేయబోతే, ఆ మనిషి చేతులు జోడించి, ఇప్పుడు గట్టిగా మాట్లాడవద్దని బతిమాలుకున్నాడు.

ఆఫీసులో పెద్దావిడ కమలాకుమారి లోపలికి వచ్చి, బొంతపల్లి వీరభద్రునికి మొక్కుకున్నానని, ఏమీ కాదని చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఏమి కావాల్సి ఉందో అతనికి తెలియలేదు. అడిగితే ఆమె అతని నుదుట విభూతి పెట్టింది. ఆమె వెళ్ళాక చంద్రకాంత్ తలుపు వేసుకొని తన నాడి తానే పట్టుకు చూశాడు. దొరకలేదు. రెండో చేతిలోనూ దొరకలేదు.

మీటింగు ముగిసి షెడ్డులోకి వచ్చిన యామినికి ముందు నిశ్శబ్దం ఎదురైంది. తరువాత గురకలు వినిపించాయి. ఐలన్నను తట్టి లేపి, ఇదేమి పని అని అడిగింది. అతను లేచి కూర్చొని, ఆమె ఉదయం చెప్పినది ఒక్క మాట కూడా పోకుండా ఆమెకే అప్పజెప్పాడు. నిప్పు దగ్గర ఆమెకు అనుమానం వచ్చింది. రిపేరు దగ్గర తన ఫోను తీసి, మాటలు ఏ గ్రూపుకు పోయాయో చూసింది. బాస్ దగ్గరికి వచ్చేసరికి ఆమె అక్కడ లేదు, ఆఫీసు వైపు పరుగెడుతోంది.

చంద్రకాంత్ సోఫాలో పడుకొని ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఫైలు అట్టలతో విసురుతున్నారు. యామిని అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“సార్, నా మాట వినుర్రి. సచ్చేది మీరు కాదు. రాక్షసుడు.”

“ఏ రాక్షసుడు?” అన్నాడు చంద్రకాంత్.

“రేపు మహిత సంపుతది సార్ వాన్ని.”

మహిత ఎవరో అతనికి తెలియదు. అతను మెల్లగా కళ్ళు మూసుకున్నాడు. కమలాకుమారి యామినిని భుజం పట్టి లేపి, ఇప్పుడు ఆయనకు ఇటువంటివి చెప్పవద్దంది. అప్పుడు యామిని అతని ముఖం సరిగ్గా చూసింది. అది కేవలం భయపడ్డ ముఖం కాదు. బూడిద రంగుకు తిరిగి ఉంది. తప్పు ఒప్పుకోవడం తరువాత, ముందు ఈయనను ఆస్పత్రికి తీసుకుపోవాలని ఆమె గట్టిగా అనుకుంది.

ఫ్యాక్టరీ అంబులెన్సు నడిపేది కొమురయ్య. క్యాంటీనులో వంట చేసేది కూడా ఆయనే. యామిని పరుగున వెళ్ళి బండి తీయమంటే ఆయన గరిటె కింద పెట్టి ఇబ్బందిగా నిలబడ్డాడు.

“పొద్దుగాల ఉప్మా చేసిన మేడం. ఇగ బండి తోల్తే రూల్ తప్పుత గద. జెర ఆగుర్రి, పండుకొని లేస్త.”

ఆయన నిజంగానే బియ్యం బస్తాల పక్కన నడుం వాల్చాడు. రూలూ లేదు ఏమీ లేదు, లేవమని యామిని అన్నది. కొమురయ్య పడుకునే తల అడ్డంగా ఊపాడు. పొద్దున పెట్టిన రూలు పగటికే లేదంటే రేపు ఎవరు వింటారు, దానితో సారు ప్రాణం ముడిపడి ఉందని చెప్పింది మేడమే కదా, తన వల్ల సారుకు ఏమైనా అయితే పాపం కాదా అని అడిగాడు. ఆయన భయం నిజమైనది. యామినికి డ్రైవింగు రాదు, వచ్చినవాళ్ళకూ ఆ రూలే అడ్డం. ఆస్పత్రి అంబులెన్సు పటాన్‌చెరు ట్రాఫిక్ దాటి వచ్చేసరికి ఎంతసేపవుతుందో తెలియదు. వాదించి లాభం లేదని ఆమెకు తెలిసిపోయింది. రూలును రూలుతోనే గెలవాలి. యామిని ఒక్క క్షణం ఆలోచించి, ఆదివారం బల్ల దగ్గర మాట్లాడే గొంతుతో అన్నది.

“రూల్‌కు ఒక మినహాయింపు ఉన్నది. మనోళ్ల పానం మీదికొస్తే, ఆ పూట ఒక్కసారి రెండో విద్య వాడొచ్చు. ఆయెన్క రెండు పూటలు ఏది ముట్టద్దు.”

కొమురయ్య లేచి కూర్చున్నాడు. “గట్ల ముందుగాల్నే చెప్పాలె గద మేడం,” అని తాళాలు తీసుకున్నాడు. వంటగది తలుపు తీసి ఉన్నట్లే వదిలేసి, బండిని ఎప్పుడూ పోనంత వేగంగా పోనిచ్చాడు.

పటాన్‌చెరులో ఆస్పత్రి వరండాలో కూర్చున్నంతసేపూ యామిని రెండు సంగతులు ఆలోచించింది. ఒకటి, తన ఉద్యోగం పోయింది. రెండు, ఆ మినహాయింపు చాలా మంచి మినహాయింపు. మొదటి దానికి బాధపడుతూ ఉండగానే మనసు రెండో దాని దగ్గరికి పోతుంటే ఆమెకే సిగ్గువేసింది.

డాక్టరు బయటికి వచ్చి, గుండె బాగానే ఉందన్నాడు. బీపీ మాత్రం మనిషి నిలబడకూడనంత ఉందని, ఇది ఇవాళ వచ్చింది కాదని, ఇంకొన్నాళ్ళు ఇలాగే తిరిగి ఉంటే కింద పడేవాడని, ఎవరో సమయానికి గుర్తుపట్టి తీసుకొచ్చారని మెచ్చుకున్నాడు. మందులతో పాటు, చేసే పనుల్లో సగం వదిలేయాలని చెప్పాడు.

యామిని లోపలికి వెళ్ళి జరిగింది జరిగినట్లు చెప్పింది. ఆట, పాచికలు, నిప్పు, రిపేరు, తప్పు గ్రూపు, అన్నీ. చంద్రకాంత్ సీలింగు చూస్తూ విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

“ఆ రాక్షసునికి బాస్ అని పేరు నన్ను చూసే పెట్టిన్రా?”

“కాదు సార్. నేను ఈ నౌకరీల చేరకముందే పెట్టినం.”

అతను సోమవారం పొద్దున తన గదికి రమ్మన్నాడు. ఆ మాటకు అర్థం ఒకటే అయి ఉంటుందని యామిని అనుకుంది.

ఆదివారం ఆమె కొత్త రూలు, మినహాయింపుతో సహా, బల్ల దగ్గర ప్రకటించింది. మహిత కాసేపు కొట్లాడి, చివరికి పాచికలు చేతిలోకి తీసుకుంది. పూటకు ఒకటే విద్య కాబట్టి మొదటిసారి ఆమె మిగతావాళ్ళను అడిగి అడుగు వేయాల్సి వచ్చింది. నిప్పు పట్టాలా, రిపేరు పట్టాలా అని అందరూ కలిసి తర్జనభర్జన పడ్డారు. బాస్ భోజనాలు దాటాడు, మధ్యాహ్నపు టీ కూడా దాటాడు. చివరికి వెంకట సాయి కత్తివీరుడు కరిగిన ఇనుము అంచున కొనప్రాణంతో పడి ఉండగా, ఆ పూట నిప్పు పట్టిన మహిత, మినహాయింపు ఇచ్చిన ఒక్క అవకాశాన్ని అతన్ని బతికించడానికి ఖర్చుపెట్టింది. అతను లేచి బాస్‌ను పడగొట్టాడు. తరువాత వెంకట సాయి తల వంచుకొని పాచికలను ఒక్కొక్కటిగా డబ్బాలో పెట్టాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

సోమవారం యామిని రాజీనామాకు సిద్ధపడి చంద్రకాంత్ గదిలోకి వెళ్ళింది. అతను కుర్చీలో కూర్చొని ఉన్నాడు. బల్లమీద ఒకే ఫోను ఉంది. వెల్డింగు చేసి అలిసినవాళ్ళను అదే పూట మిషను రిపేరుకు ఎక్కించడం తప్పేనని, ఐలన్న వాళ్ళకు ఆ రూలు అలాగే ఉంచుతున్నానని చెప్పాడు. గ్రైండింగు కుర్రాళ్ళకు మాత్రం ఎవరైనా హిందీలో సరిగ్గా చెప్పాలన్నాడు. తాను కూడా రూలు పాటించి రెండింటిలో ఒకటి వదిలేస్తున్నానంటూ పర్చేజు ఫైళ్ళు ఆమె వైపు జరిపాడు.

“సార్, నాకు ప్లానింగ్ ఉన్నది గద,” అన్నది యామిని.

“పొద్దుగాల అది చూడు, పగటీలి ఇది చూడు. రూల్ ఒప్పుకుంటది,” అన్నాడు చంద్రకాంత్.

ఇప్పుడు ఆమె భోజనాల దాకా ప్లానింగు చూస్తుంది, ఆ తరువాత పర్చేజు చూస్తుంది. ఆ రెండింటి మధ్య ఆమె పడుకొని లేచేదాకా ఎవరూ ఫోను చేయరు.