ముందుమాటగారి అభిమాన నవల

చదివిన నవలను సిఫార్సు చేయడం ఎవరైనా చేయగలరు! చదవని నవలను సిఫార్సు చేయడానికే చదువూ సంస్కారమూ గుండె ధైర్యమూ కావాలి!

ఈ మహావాక్యం ఉత్తమ పాఠకుల సంఘం నియమావళిలో ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నా సభ్యులు చదివి ఉండేవారు కాదు. అయినా సంఘం పుట్టిన నాటి నుంచీ ఈ ఒక్క సూత్రం మీదే నిక్షేపంగా నడుస్తోంది. నెలకో ఆదివారం పళ్ల డాక్టరుగారి ఆస్పత్రిలో, పేషెంట్లు కూర్చునే గదిలో సమావేశం. గోడ మీద నిలువెత్తు దంతం బొమ్మ. దాని కింద ఒక సభ్యుడు లేచి తన అభిమాన నవలను తోటి పాఠకులకు సిఫార్సు చేస్తాడు. మిగతావాళ్లు కళ్లు మూసుకుని తల ఊపుతారు. చివర ప్రశ్నలు అడగకూడదు. ప్రశ్నలు సాహిత్య వాతావరణాన్ని పాడుచేస్తాయని అందరూ కలిసి ఏనాడో తేల్చేశారు.

ఆ సంఘానికి అధ్యక్షుడు ముందుమాటగారు. ఇన్సూరెన్సు ఆఫీసులో సూపరింటెండెంటు. ఏం మాట్లాడబోయినా "ముందుగా ఒక్క మాట" అని మొదలుపెట్టడం వల్ల ఆఫీసువాళ్లు ఆ పేరు పెట్టారు. ఆ పేరు ఆయనకు ఎంతగా అతికిపోయిందో పాపం వాళ్లకు తెలియదు. ఆయన జీవితంలో ఏ నవలకైనా ముందుమాట దాటి ముందుకు వెళ్లిన పాపాన పోలేదు! పుస్తకాల షాపులో నిలబడి, షాపువాడు గొంతు సవరించుకునేలోగా ముందుమాట మొత్తం చదివేసి, పుస్తకాన్ని ఉన్నచోటే పెట్టేసి వచ్చేవారు. ముందుమాట చదివాక ఇంకా నవలెందుకు? కథ అందులోనే ఉంటుంది. ఎక్కడ ఏడవాలో అందులోనే ఉంటుంది. ఎంత గొప్పదో కూడా అందులోనే ఉంటుంది. తర్వాతదంతా కాగితం దండగ అని ఆయన నమ్మకం.

అన్నిటిలోకీ ఆయన అభిమాన నవల 'ఆలస్యపు బండి'. దాని ముందుమాటలో ఒక ఘట్టం ఉంది. ఒక ముసలి గడియారాల మెకానిక్కు చాలా ఏళ్ల తర్వాత కూతురు రైల్లో వస్తోంది. ఆ బండి ఆలస్యమవుతుంది. ఆలస్యంగా వచ్చానని బిడ్డ చిన్నబుచ్చుకుంటుందేమోనని, ఆ తండ్రి షాపులో ఉన్న గడియారాలన్నీ ఆమె వస్తానన్న వేళకు ఆపేసి కూర్చుంటాడు! ఇది తలుచుకున్నప్పుడల్లా ముందుమాటగారి కళ్లు చెమర్చేవి. అవి నిజం కన్నీళ్లే. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆయనకూ ఒక్కగానొక్క కూతురు, తల్లి పోయాక తనే సాకి పెద్దచేసిన పిల్ల. ఏళ్ల తరబడి ఆయన సిఫార్సు చేయగా చేయగా సంఘంలో ఆ నవలను మెచ్చుకోనివారు లేకుండా పోయారు.

ఇలా సాహిత్యసేవ సాగిపోతుండగా ఒక సాయంత్రం కూతురు వచ్చి ఎదురుగా కూర్చుంది. ఫిజియోథెరపిస్టు ఆ పిల్ల. ఊళ్లోవాళ్ల మెడలు సరిచేసే మనిషి, ఆ రోజు తనే తల దించుకుంది.

"నాన్నా, మా ఆస్పత్రిలో అతని గురించి చెప్పానుగా. వాళ్లింట్లో నిన్ను రమ్మన్నారు."

"వెళ్దాం తల్లీ. దానికేం?"

"వాళ్ల నాన్నగారు ప్రొఫెసరు. పుస్తకాలు చదివే ఇంటితోనే వియ్యమందుతానని కూర్చున్నారట. నీ అభిమాన నవలేదో అడుగుతారు. దాన్నిబట్టే మనిషిని అంచనా వేస్తారట."

ముందుమాటగారు ఫక్కున నవ్వారు. "ఇంత చిన్న పరీక్షా? నీ పెళ్లి అయిపోయినట్టే అనుకో!"

"నవ్వకు నాన్నా, నాకు భయంగా ఉంది. అతను కాకపోతే నాకింకెవరూ వద్దు," అంది పిల్ల. ఆయన నవ్వు ఆగిపోయింది.

వెళ్లారు. గుమ్మం మీద బోర్డు చూడగానే ముందుమాటగారికి ఒళ్లు పులకరించింది. ఆ పేరు ఆయనకు కొట్టినపిండి! తాను ఇన్నేళ్లుగా చదివిన ముందుమాటల్లో సగం ఈ మహానుభావుడు రాసినవే! 'ఆలస్యపు బండి' ముందుమాట కూడా ఈయనదే! ప్రొఫెసరుగారు అచ్చయ్యే ప్రతి నవలకూ ముందుమాట రాసేవారు. అన్ని ముందుమాటలు రాసే మనిషికి నవలలు చదివే తీరిక ఉండదు కదా! కాబట్టి చదివేవారు కాదు. నవల చదవకుండా ముందుమాట రాసేవాడొకడు, ముందుమాట చదివి నవల వదిలేసేవాడొకడు. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చున్నారు. సాహిత్యానికి అంతకంటే శుభ ఘడియ ఉంటుందా!

"ముందుగా ఒక్క మాట," అని మొదలుపెట్టి ముందుమాటగారు గడియారాల ఘట్టం చెప్పారు. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నారు.

"ఆహా! మీరు పాఠకులు కాదు బావగారూ, రసహృదయులు!" అన్నారు ప్రొఫెసరు. అప్పుడే బావగారు కూడా అయిపోయారు! "ఆ నవలలో ప్రాణమంతా అక్కడే ఉంది. నేను చదివి రెండు రోజులు మనిషిని కాలేకపోయాను."

సరిగ్గా ఆ మాటకే ప్రొఫెసరుగారి భార్య కాఫీ కప్పులతో వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. తప్పు ఎక్కడ జరిగిందో వెతికే కళ్లు.

"ఆ కూతురి పేరేమిటి అన్నయ్యగారూ?" అని అడిగారు ఆవిడ, చక్కెర కలుపుతూ.

ముందుమాటగారు తడబడ్డారు. ముందుమాటలో పేరు లేదు మరి! "అదీ... రచయిత కావాలనే పేరు పెట్టలేదమ్మా."

"అవునవును, అదే ఆయన శిల్పం," అని వెనకేసుకొచ్చారు ప్రొఫెసరు.

"ఏవండీ, మేడ మీద ఆ పుస్తకం ఉండాలి, తెస్తారా?" అని ఆవిడ భర్తను పైకి పంపించి, ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వినబడ్డాక కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"ఆ ఘట్టం ఆ నవలలో లేదు అన్నయ్యగారూ."

"లేకపోవడమేమిటి చెల్లెమ్మా! నేను ఇన్నేళ్లుగా..."

"అది నేను చెప్పిన కథ. ఆ రోజు పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఈయనొచ్చి, 'ఈ నవల చూశావా, కథేమిటో రెండు ముక్కల్లో చెప్పు, సాయంత్రానికి ముందుమాట ఇవ్వాలి' అన్నారు. నేనూ చదవలేదు. పేరు చూశాను, ఆలస్యపు బండి. బండంటే రైలనుకున్నాను. నోటికొచ్చింది చెప్పి పంపించాను. ఆ తర్వాత మనసొప్పక కూర్చుని చదివితే అందులో రైలూ లేదు, గడియారమూ లేదు. అది ఐసు మోసే లారీ బండి!"

ముందుమాటగారు కప్పు కింద పెట్టేశారు. తాను ఇన్నేళ్లూ కన్నీళ్లు పెట్టుకున్నది ఒక లెక్కల టీచరు విసుక్కుని చెప్పిన అబద్ధానికా!

"మీ అమ్మాయి నాకు నచ్చింది," అన్నారు ఆవిడ. "ఒక ముందుమాట మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశాను. వియ్యంకుడు కూడా అలాంటివాడే అయితే నా వల్ల కాదు. వచ్చే ఆదివారం మీ సంఘం సమావేశమట కదా, ఈయన్ని ముఖ్య అతిథిగా పిలవండి. ఈలోగా ఆ నవల చదవండి. అందులో ఏముందో నలుగురి ముందూ ఉన్నదున్నట్టు చెప్పండి. అప్పుడు మిగతా మాటలు మాట్లాడుకుందాం."

"మరి బావగారు నొచ్చుకుంటే?"

"ఆయన సంగతి నేను చూసుకుంటాను. మీరు చదవండి, చాలు."

చదవండి, చాలు! ఎంత తేలిగ్గా అన్నారో చూడండి! నవల కొనుక్కొచ్చి, అలవాటు కొద్దీ ముందుమాట చదివేసి, అలవాటు కొద్దీ పుస్తకం మూసేశారు ముందుమాటగారు. మళ్లీ తెరిచారు. మొదటి పేజీలో నాలుగో వాక్యానికే ఆవలింత వచ్చింది. లేచి మంచినీళ్లు తాగారు. ఫ్యాను తుడిచారు. కూతురు ఎప్పుడొచ్చి చూసినా ఆయన వేలు అదే పేజీలో ఉండేది.

"నాన్నా, ఎంతవరకొచ్చింది?"

"మనుషులు మరీ ఎక్కువమంది ఉన్నారే ఇందులో! ముందుమాటలో ఇద్దరే ఉన్నారు!"

"నాకోసం చదువు నాన్నా."

ఆ మాటతో కదిలారు. నవలలో, మామగారు వదిలిపోయిన ఐసు ఫ్యాక్టరీ కోసం ఇద్దరు తోడల్లుళ్లు కొట్టుకుంటారు. లారీ మీద హక్కెవరిదో తేలక, దాన్ని నడిబజారులో నిలబెట్టి ఇద్దరూ వాదించుకుంటుంటే, పైనున్న ఐసంతా కరిగి వీధి వెంట పారిపోతుంది. అక్కడ ముందుమాటగారికి నవ్వు ఆగలేదు. కుర్చీలోంచి జారిపడేంత పని అయింది. ఆ తర్వాత ఎవరూ బతిమాలక్కర్లేకపోయింది. అన్నం ముందు పెట్టుకుని కూడా చదివారు. చివరి పేజీ అయ్యాక పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఇన్నేళ్లలో ఎన్ని పోగొట్టుకున్నానో కదా అని ఆయనకు నిజంగానే దిగులేసింది.

ఆదివారం వచ్చింది. దంతం బొమ్మ కింద ముఖ్య అతిథి స్థానంలో ప్రొఫెసరుగారు, వెనక వరసలో టీచరుగారు, ఆవిడ పక్కన బిక్కుబిక్కుమంటూ కూతురు.

"ముందుగా ఒక్క మాట," అని లేచారు అధ్యక్షులవారు. "నేను మీకు ఇన్నేళ్లూ సిఫార్సు చేసిన నవలను మొన్నటిదాకా చదవలేదు. ఇప్పుడు చదివాను. అందులో గడియారాల ఘట్టం లేదు. అది ఇద్దరు తోడల్లుళ్ల కథ. కడుపుబ్బ నవ్వించే కథ. దయచేసి అందరూ చదవండి."

గదిలో ఒక్కసారిగా గోల!

"గడియారాల ఘట్టం లేకపోవడమేమిటండీ!" పళ్ల డాక్టరు లేచి నిలబడ్డాడు. "నేను చదివి వెక్కి వెక్కి ఏడ్చాను! పేషెంటు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు!"

"నేను ఆ పేజీ మడత కూడా పెట్టుకున్నాను," అంది లాయరమ్మ. "కావాలంటే ప్రమాణం చేసి చెబుతాను!"

"ఎంత మోసం! చదవకుండా సిఫార్సు చేశారా? మేం ఎంత నమ్మి చదివాం!" అని గుండె మీద చేయి వేసుకున్నాడు బ్యాంకు మేనేజరు.

"ఇదిగో పుస్తకం. తెరిచి చూడండి," అని ముందుమాటగారు పుస్తకం ముందుకు చాపారు. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. పళ్ల డాక్టరయితే చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

"చూడాల్సిన ఖర్మ మాకేం పట్టింది? చదివినవాళ్లం మేం!" అంది లాయరమ్మ.

వివాదం ముఖ్య అతిథిగారి తీర్పుకు వెళ్లింది. ప్రొఫెసరుగారు కళ్లద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. వెనక వరసలో ఉన్న భార్య వైపు చూడకుండా జాగ్రత్తపడ్డారు.

"నవల అంటే కేవలం అచ్చయిన కాగితాలు కాదు. నా ముందుమాటలో గడియారాలు ఉన్నాయంటే నవలలో ఉన్నట్టే లెక్క. ఒకవేళ లేకపోతే, అది రచయిత చేసిన పొరపాటు!"

చప్పట్లతో దంతం బొమ్మ ఊగింది. ఆ చప్పట్ల మధ్యనే తీర్మానం జరిగిపోయింది. సదరు నవలను చదవకుండానే దాని గురించి మాట్లాడి సంఘ గౌరవాన్ని మంట గలిపినందుకు అధ్యక్షులవారిని పదవి నుంచీ, సభ్యత్వం నుంచీ కూడా తొలగించడమైనది. అన్ని చేతులూ లేచాయి. గదిలో ఆ నవల చదివిన మగవాడు ఒక్కడే, చదవలేదన్న నేరం కింద బయటికి నడిచాడు! తీర్మానం కింద ప్రొఫెసరుగారు పొడవాటి సంతకం చేశారు.

మెట్ల దగ్గర ముందుమాటగారు కూతురి ముఖంలోకి చూడలేకపోయారు. పదవి పోతే పోయింది, పిల్ల పెళ్లి కూడా పోయిందనుకున్నారు. ఇంతలో టీచరుగారు గబగబా దిగి వచ్చి ఆ పిల్ల చేయి పట్టుకున్నారు.

"అన్నయ్యగారూ, సంబంధం ఖాయం."

వెనకే దిగుతున్న ప్రొఫెసరుగారు ఉలిక్కిపడ్డారు. "ఇప్పుడే కదా సంతకం పెట్టాను! నవల చదవని మనిషితో వియ్యమా?"

"చదివిన మనిషితోనే. మన ఇంటికి అలాంటివాళ్ల అవసరం చాలా ఉంది," అన్నారు ఆవిడ. పిల్ల ఏడుస్తూ నవ్వింది. ముందుమాటగారు కూడా ఏడ్చారు. ఈసారి గడియారాల అవసరం లేకపోయింది.

ఆడవాళ్లిద్దరూ ముందు నడిచారు. ప్రొఫెసరుగారు అటూ ఇటూ చూసి, వియ్యంకుడి భుజం మీద చేయి వేసి, గొంతు తగ్గించారు.

"లోపల జరిగింది మనసులో పెట్టుకోకండి బావగారూ. సభ అన్నాక అలాగే ఉంటుంది. ఇంతకీ... ఆ నవలలో ఏముందంటారు?"

"చాలా బాగుంది. చదవండి."

"చదవడానికి తీరికేదీ! రెండో ముద్రణకి కొత్త ముందుమాట కావాలట, రేపటికల్లా ఇవ్వాలి. మీరెలాగూ చదివారు కదా, కథ రెండు ముక్కల్లో చెబుదురూ! ఆ బండి రైలు కాదని మా ఆవిడ అంటోంది, నిజమేనా?"

ముందుమాటగారు ఆగి, గొప్పగా ఆలోచిస్తున్నట్టు ఆకాశంలోకి చూశారు.

"నిజమే బావగారూ, రైలు కాదు," అన్నారు. "గుర్రబ్బండి. రాసుకోండి. అనగనగా ఒక రాజుగారికి తెల్లగుర్రం ఒకటి ఉండేది..."

ప్రొఫెసరుగారు గబగబా జేబులోంచి కలం తీశారు.