గుమ్మం దాటని బూట్లు

ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, బజారుకు వెళ్ళాలి, కొండదారిలో రోజుల తరబడి నడవడానికి పనికొచ్చే బూట్లు ఒక జత కొనాలి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. మామూలు మనిషికి ఇది ఒక పూట పని. కాని ఈ పని నెత్తిన వేసుకున్నవాడు బీమా కంపెనీలో క్లెయిముల పరిశీలకుడు. కాలిపోయిన కొట్టు ముందు కూర్చుని యజమాని గుండెలు బాదుకుంటుంటే, ఆ ఏడుపు అసలుదా నకిలీదా అని పక్కన నిలబడి చూసే ఉద్యోగం. ఏళ్ళ తరబడి అదే చేసి చేసి, ఇంట్లో పాలు పొంగినా 'ఎవరు పొంగించారు?' అని అడిగే స్థితికి వచ్చాడు.

కొండదారి నడక ఆయన భార్యకు ఎన్నాళ్ళనుంచో ఉన్న ముచ్చట. కిందటిసారి ఆమె అక్కాబావలతో కలిసి నలుగురూ బయలుదేరితే, మొదటి రోజే ఈయన బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. అందరూ వెనక్కి రావలసి వచ్చింది. తోడల్లుడు ఆ బూటును ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు. ఈసారి భార్య ముందే తేల్చి చెప్పింది.

"వచ్చే శనివారం కాదు, ఆ పై శనివారం ప్రయాణం. ఆలోపు మీకు బూట్లు కుదిరితే మనిద్దరం వెళ్దాం. లేకపోతే నేను అక్కావాళ్ళతో వెళ్ళిపోతా. నాకైతే మీతో వెళ్ళాలనే ఉంది. ఆపైన మీ ఇష్టం."

ఆ మాటకు ఆయన మనసు కరిగింది. కరిగిన మనసుతో చెప్పులు వేసుకుంటుండగా తోడల్లుడి ఫోను వచ్చింది.

"తమ్ముడూ, బజారు చివర దుకాణంలో చీలమండ దాకా వచ్చే గోధుమరంగు జత ఒకటుంది. కళ్ళు మూసుకుని కొనెయ్."

కళ్ళు మూసుకోమన్నవాళ్ళను ఆయన తన ఉద్యోగంలో చాలామందినే చూశాడు. ఫోను పెట్టేసి భార్యతో గట్టిగా ప్రకటించాడు.

"మీ బావగారు చెప్పిన బూట్లు చచ్చినా కొనను. నా కాళ్ళు చల్లగా ఉండాలని ఆయనకెందుకంత తాపత్రయం?"

భార్య నోట్లో నువ్వుగింజ నానదు. ఆయన వీధి మలుపు తిరిగేలోపే ఆ ప్రకటన అక్కకు, అక్క నుంచి బావకు చేరిపోయింది.

ఆ దుకాణంలోనే వేరే జత ఏదైనా కొందామని వెళితే, అక్కడి అమ్మాయి ఆయన పాదాలకేసి చూసి, "ఇప్పుడొద్దు సార్, సాయంత్రం రండి. పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. నడకలోనూ ఉబ్బుతాయి కదా, ఆ కొలతే సరైనది," అంది.

వచ్చిన బేరాన్ని వెనక్కి పంపే దుకాణాన్ని ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఈలోపు లోపల సరుకు మారుస్తారేమోనని ఎదురుగా టీకొట్టులో కూర్చుని సాయంత్రం దాకా నిఘా వేశాడు. ఇంట్లో భోజనం చల్లారిపోయింది.

సాయంత్రం ఆ అమ్మాయి మందపాటి మేజోళ్ళు తొడిగించి, ఉన్న జతలన్నీ ఒక్కొక్కటే వేసి చూపించింది. దుకాణం మధ్యలో ఒక వాలుబల్ల ఉంది. దాని మీద దిగుతుంటే వేళ్ళు ముందుకు జారి బూటు ముక్కుకు తగలకూడదు, ఎక్కుతుంటే మడమ లోపల లేవకూడదు. ఒక జత వేళ్ళను నొక్కింది. ఇంకొకదానిలో మడమ లేచింది. మరొకటి రెండు చేతులతో వంచబోతే రేకులా బిర్రబిగుసుకుని వంగనే లేదు. అన్నీ పోగా మిగిలింది చీలమండ దాకా వచ్చే గోధుమరంగు జత. ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. కాలికి ఎక్కడా ఏ ఇబ్బందీ లేదు. ఆయనకు చెమటలు పట్టాయి.

"ఈ జతలో లోపం ఏమిటమ్మా?"

"ఏమీ లేదు సార్."

"ఏమీ లేకపోతే ఎందుకు అమ్ముతున్నారు?"

"లోపం ఉన్నవి అమ్మమంటారా సార్?"

అడిగినదానికి సూటిగా జవాబు రాలేదని ఆయన మనసులో గుర్తు పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి విసుగు దాచుకుని, "నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి ఇచ్చెయ్యండి. ఇంట్లో ఎంతైనా నడుచుకోండి. అడుగుకు వీధి మట్టి మాత్రం అంటకూడదు," అంది.

పది రోజులే ఎందుకు? పదకొండో రోజున ఏం బయటపడుతుంది? ఏదో ఉంది. ఆ ఉన్నదేదో గడువులోగా బయటికి లాగాలనే పట్టుదలతో ఆయన ఆ జత కొన్నాడు. కొన్నాక గాని ఇంకో సంగతి తట్టలేదు. ఇవి తోడల్లుడు చెప్పిన బూట్లే. ఈ సంగతి భార్యకు చెబితే అక్కకు చెబుతుంది, అక్క బావకు చెబుతుంది, బావ పగలబడి నవ్వుతాడు. అందుకని ఆయన బూట్లను సంచిలో దాచి, ఇంటికి వెళ్ళి, "ఎక్కడా కుదరలేదు," అన్నాడు. భార్య మొహం చిన్నబుచ్చుకుంది.

ఆమెది రక్త పరీక్షల ల్యాబులో ఉద్యోగం. పరగడుపున వచ్చేవాళ్ళ కోసం తెల్లవారగానే వెళ్ళాలి. ఆమె వెళ్ళగానే ఈయన పరీక్ష మొదలయ్యేది. కొండదారిలో వీపున బరువుంటుంది కనుక, ఇస్త్రీపెట్టెనూ రెండు లావుపాటి నిఘంటువులనూ సంచిలో వేసి భుజాన తగిలించుకున్నాడు. వంటింటి నుంచి వరండా, వరండా నుంచి పడకగది, అక్కణ్ణుంచి వీధిగుమ్మం. గుమ్మం దాటితే మట్టి అంటుతుంది కాబట్టి అక్కడ ఆగి వెనక్కి తిరిగేవాడు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా అలా తిరుగుతూనే ఉండేవాడు.

కింది వాటాలో ఒక పిన్నిగారున్నారు. ఎవరికి పిన్నో తెలియదు, అందరూ పిన్నిగారనే అంటారు. ఆ మూట బరువుకు నెత్తి మీద ధన్ ధన్ మని చప్పుడు వినబడి, రెండో రోజు ఆవిడ మెట్లెక్కి కిటికీలోంచి తొంగిచూశారు. చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని దిగిపోయారు.

ఇంట్లో నడక చాలక ఆయన బూట్లు ఆఫీసుకు కూడా మోసుకెళ్ళడం మొదలుపెట్టాడు. చెప్పులతో వెళ్ళడం, లోపల బూట్లు తొడుక్కోవడం, భోజనాల వేళ మెట్లన్నీ ఎక్కి దిగడం. ఆ బూట్ల అడుగు మెత్తన, గచ్చు మీద అడుగు చప్పుడు వినబడదు. కాబట్టి ఫోనులో ఆట ఆడుకుంటున్న గుమస్తా తల తిప్పితే వెనక ఈయన. కబుర్లు చెప్పుకుంటున్న ఇద్దరు ఠక్కున ఆగితే పక్కన ఈయన. పైగా వేళ్ళు ముందుకు జారుతున్నాయా అని తల వంచుకుని నడుస్తుంటాడాయె, బల్లల కింద ఏవో వెతుకుతున్నాడని అందరూ అనుకున్నారు. పెద్దాఫీసు వాళ్ళు ఈయనకు రహస్య విచారణ అప్పగించారని మూడో రోజుకల్లా పుకారు పుట్టింది. నాలుగో రోజుకు ఆఫీసులో అందరూ పని చేస్తున్నారు. ఎన్నడూ లేనిది అందరూ పని చేయడం చూసి ఈయన అనుమానం ఇంకా ముదిరింది.

మేనేజరుకు భోజనం తర్వాత పాత ఫైళ్ళ గదిలో కునుకు తీసే అలవాటు. ఒక మధ్యాహ్నం ఆయన కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పరిశీలకుడు నిచ్చెన మీద ఎక్కి దిగుతున్నాడు.

"నేను... పాత ఫైలొకటి వెతుకుతున్నానయ్యా," అన్నాడు మేనేజరు, మూతి తుడుచుకుంటూ.

"నేనూ అంతే సార్," అన్నాడు పరిశీలకుడు.

ఆ మర్నాడే ఆయన వెళ్ళి వారం రోజులు సెలవడిగాడు. మేనేజరుకు అంతా అర్థమైపోయింది. ఈ మనిషి పెద్దాఫీసుకు వెళ్ళి తన కునుకుల చిట్టా విప్పబోతున్నాడు! నవ్వుతూ సెలవిచ్చి, ఆయన అటు వెళ్ళగానే కూపీ లాగుదామని ఇంటికి ఫోను చేశాడు.

"అమ్మా, మీవారు వారం రోజులు ఎక్కడికి వెళుతున్నారో మీకేమైనా చెప్పారా?"

చెప్పలేదు. కొండదారికి బూట్లే దొరకలేదన్న మనిషి సెలవెందుకు పెట్టినట్టు? భార్య ఆలోచిస్తూ మెట్లు దిగుతుంటే పిన్నిగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"నీకెలా చెప్పాలో తెలియడం లేదే తల్లీ. నువ్వు వెళ్ళగానే మీ ఆయన భుజాన మూట తగిలించుకుంటాడు. గుమ్మం దాకా వస్తాడు, ఆగుతాడు. మళ్ళీ వెనక్కి పోతాడు. మళ్ళీ వస్తాడు. ఇల్లు వదిలిపోవాలని ఉంది, మనసు ఒప్పడం లేదు పాపం!"

కాపురం చేసినన్నాళ్ళలో ఆమె భర్తను ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఆ శాఖంతా ఆయనే చూసుకునేవాడు మరి. ఇప్పుడు మాత్రం ఆ శాఖ ఆమె చేతికి వచ్చింది. మర్నాడు పొద్దున ల్యాబుకని బయలుదేరి, వీధి చివరి నుంచే వెనక్కి తిరిగి వచ్చింది. వెనకే పిన్నిగారు. రాత్రి వాన పడి వీధంతా చిత్తడిగా ఉంది.

తలుపు తీసేసరికి ఆయన మూటతో, బూట్లతో సరిగ్గా గుమ్మం దగ్గరే ఉన్నాడు.

"ఎక్కడికండీ?"

"ఎక్కడికీ లేదు."

"మరి ఆ సంచీ?"

"బరువు కోసం."

ఆమె సంచి లాగి విప్పింది. ఇస్త్రీపెట్టె, నిఘంటువులు. "ఇల్లు వదిలిపోయేవాళ్ళకి ఇస్త్రీపెట్టె ఎందుకు?"

"వెళ్ళిన చోట ఇస్త్రీ చేసిపెట్టేవాళ్ళు ఉండరేమోనే," అన్నారు పిన్నిగారు జాలిగా.

"మీరుండండి పిన్నిగారూ. ఏవండీ, ఈ బూట్లెక్కడివి?"

నిజం చెబుదామంటే ఆయనకు తోడల్లుడి నవ్వు చెవుల్లో వినబడుతోంది. "ఆఫీసువి," అన్నాడు చివరికి.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాతో రావడానికి మీకు బూట్లు దొరకలేదు. ఒక్కరే పోవడానికి మాత్రం దొరికాయి. సరే, మీరు ఉండండి. నేనే అక్క దగ్గరికి పోతున్నా."

చరచరా మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయింది. ఆయన వెనకే పరుగెత్తాడు. వీధిగేటు దగ్గర ఆయన కాలు దానంతటదే ఆగిపోయింది. గడువు రేపటితో ఆఖరు. ఒక్క అడుగు వేస్తే దుకాణం వాళ్ళు వెనక్కి తీసుకోరు. విప్పి వెళదామంటే ఆ తాళ్ళు విప్పేసరికి ఆమె బస్సెక్కేస్తుంది. లోపల దాగిన లోపమేదో ఇంకా దొరకనేలేదు. ఎదురుగా బురద.

"చూశావటే, మళ్ళీ అక్కడే ఆగాడు!" అని పైనుంచి పిన్నిగారు కేకేశారు.

భార్య వెనక్కి తిరిగి చూసింది. అంత దూరం నుంచి కూడా ఆమె మొహం ఆయనకు స్పష్టంగా కనబడింది. ఆమె వెళ్ళిపోతుందేమోనన్న భయం ముందు అంతవరకు పడ్డ అనుమానాలన్నీ ఆయనకు చాలా చిన్నవిగా తోచాయి. కళ్ళు మూసుకుని కుడికాలు తీసి బురదలో పెట్టాడు. తర్వాత ఎడమకాలు. ఆ తర్వాత పరుగే.

బస్టాపు దగ్గర ఆమెను అందుకుని, రొప్పుతూ అంతా చెప్పేశాడు. వాలుబల్ల, పది రోజులు, బావగారి నవ్వు, అన్నీ. సెలవు పెట్టింది కొండదారికే అని చెప్పాడు. ఆమె సగం నమ్మి, సగం నమ్మక, వంగి బూట్లకేసి చూసింది. అడుగు నుంచి తాళ్ళ దాకా బురద.

"ఇక వెనక్కి తీసుకోరుగా?"

"తీసుకోరు."

ఆ ఒక్క మాట ఆయన చేత అనిపించడానికి ఎంత కావాలో ఆమెకు తెలుసు. బస్సు వచ్చి ఆగినా ఎక్కలేదు. "నడిచే వెళ్దాం పదండి. శనివారం మనం వేరుగా వెళ్తున్నామని అక్కకు చెప్పి వద్దాం," అంది. ఊరి అవతలి కొస దాకా ఇద్దరూ పక్కపక్కన నడిచారు.

తలుపు తీసింది తోడల్లుడు. ఇల్లు వదిలిపోతున్న మరిది కథ పిన్నిగారి ద్వారా అప్పటికే ఆ ఇంటికి ఫోనులో చేరింది. తోడల్లుడు మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. చూపు తిన్నగా కిందికి పోయింది.

"గోధుమరంగు జతే! నాకు తెలుసు తమ్ముడూ, నువ్వు కొంటావని. ఎలా ఉన్నాయి?"

"మీకు తెలియదా అన్నగారూ? మీరు చెప్పినవేగా."

"నేనింకా కొంటేగా!" అని తోడల్లుడు పకపకా నవ్వాడు. "ఎవరో చెబితే విన్నాను. ఊరికే ఎందుకు డబ్బు తగలెయ్యాలి, ముందు నీ చెవిన వేస్తే నువ్వు నిగ్గు తేలుస్తావుగా అనుకున్నా. నీకంటే బాగా పరీక్ష చేసేవాడు ఎవడున్నాడు చెప్పు? బాగున్నాయంటే ఈ సాయంత్రమే వెళ్ళి ఒక జత కొనేస్తా."

పరిశీలకుడి ఒళ్ళు పులకరించింది. తోడల్లుడి సలహాలో ఏదో ఉందని మొదటి రోజే అన్నాడా లేదా? ఉద్యోగంలో కూడా ఇంత నిఖార్సైన రుజువు ఎన్నడూ చేతికి చిక్కలేదు. ఆ సంతోషంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేయబోయాడు. అంతలో భార్య ముందుకొచ్చింది.

"అయ్యో, వాటి జోలికి పోకండి బావగారూ!" అంది, బాధగా మొహం పెట్టి. "మడమ దగ్గర ఒకటే కరవడం. దారంతా ఎలా కుంటుకుంటూ వచ్చారో నేను కళ్ళారా చూశాను. శత్రువుకు కూడా ఈ బూట్లు కొనమని చెప్పకూడదు."

తోడల్లుడు మొహం వేలాడేసుకుని వాటికేసి చూశాడు. పరిశీలకుడు ఇక చేసేదేమీ లేక, కుర్చీ దాకా కుంటుకుంటూ వెళ్ళి కూర్చున్నాడు.

భార్య ఇంత నున్నగా అబద్ధం ఆడగలదని ఆయనకు తెలియడం అదే మొదలు. ఆ విషయమై విచారణ కొండదారి మొదటి మలుపులోనే ప్రారంభమైంది.