పదకొండు నిమిషాల ఆట, నలభై మూడు సమీక్షలు

ఆయుధపూజ రోజు సాయంత్రం ఆరున్నరకు, యలహంక పాత ఊరిలో ఉండే హేమంత్‌కుమార్ ‘రైగోకు అరేనా’ అనే వీడియో గేముకు పదికి ఆరు మార్కులు వేశాడు. అప్పటికి అతను ఆ గేము ఆడింది పదకొండు నిమిషాలు.

పదకొండు నిమిషాలు ఎక్కువ. అసలు ఆడకుండా ఉండాల్సింది.

విమర్శకుడు గేము ఆడకపోవడం లోకానికి మేలు. ఆడితే బొటనవేళ్ళు నొప్పెడతాయి. కరెంటు కాలుతుంది. అదంతా పోనీయండి, నలభై మంది ఆడితే నలభై అభిప్రాయాలు వస్తాయి. వాటితో పాఠకుడు ఏం చేసుకుంటాడు? ఒకరు ఆడి, మిగిలినవాళ్ళు తలూపితే ఏకాభిప్రాయం వస్తుంది. అపార్ట్‌మెంటు మీటింగులో నీళ్ళ ట్యాంకరు విషయంలో కూడా కుదరని ఏకాభిప్రాయం ఇక్కడ ఊరికే దొరుకుతుంటే వద్దనడం ఎందుకు?

పైగా ఇది కొత్త పద్ధతేమీ కాదు. కాలుష్యంతో తెల్లని నురుగు కక్కే వర్తూరు చెరువుకు ఎవరో మహానుభావుడు మ్యాపులో ఐదు నక్షత్రాలు ఇచ్చి, ‘మంచు బాగా కురుస్తుంది’ అని రాశాడు. ఆయన దగ్గరికొచ్చి ఆ నురుగు వాసన పీల్చి ఉంటే ఒక నక్షత్రం కూడా వచ్చేది కాదు. నష్టం ఎవరికి? చెరువుకే కదా!

ఇక జరిగింది వినండి.

రైగోకు ఒక జపాన్ యానిమే, అంటే బొమ్మల సీరియల్. అందులో మియో అనే చేపలమ్మే అమ్మాయి ఎడమచేత్తో గుద్దితే ఎదుటివాడు వెళ్ళి సముద్రంలో పడతాడు. ఆ కథను ఇద్దరు తలపడే గేముగా మార్చారు. మియో గుద్దు మాత్రం తయారైంది జపాన్‌లో కాదు, బెళ్ళందూరులో. తయారుచేసింది నళిని. ఇల్లు వర్తూరులో.

ఆ ఒక్క గుద్దుకు ఆమెకు ఏడు నెలలు పట్టింది. తెర మీద సెకనుకు అరవై ఫ్రేములు కదులుతాయి. బటన్ నొక్కాక పద్నాలుగో ఫ్రేములో గుద్దు తగలాలి. పదమూడైతే కంటికి ఆనదు. పదిహేనైతే చేతికి నచ్చదు. నళిని దాన్ని పద్నాలుగు దగ్గర నిలిపింది.

ఆమె టీములో తొమ్మిది మంది. గేము విడుదలైన పదిహేనో రోజుకు సమీక్షల సగటు వందకు డెబ్బై అయిదు ఉంటే, రెండో భాగం పని ఈ తొమ్మిది మందికే వస్తుంది. లేకపోతే టీము ఉండదు. టీము లీడర్ స్టాన్లీ ఈ విషయాన్ని దాచకుండా చెప్పాడు.

“సెవెంటీఫైవ్ అంటే సీక్వెల్. సెవెంటీఫోర్ అంటే రెజ్యూమే. ఈలోగా ఎవరూ లీవు అడగొద్దండీ, ఎట్లాగూ చాలా లీవు దొరికేట్టుంది.”

మూడో రోజుకు నలభై మూడు సమీక్షలు వచ్చాయి. సగటు డెబ్బై ఒకటి. నళిని అన్నీ చదివింది. అందరూ ఒకే మాట అన్నారు: మియో ఎడమచేతి గుద్దు ఎనిమిది ఫ్రేములు ఆలస్యం.

అందరికన్నా ముందు రాసింది హేమంత్‌కుమార్. ‘ఈ గుద్దు సిల్క్‌బోర్డు కూడలి దగ్గర సిగ్నల్ పడ్డ ఆటోలా ఆగి ఆగి వస్తుంది’ అన్నాడు. గంట తర్వాత పోలండు విమర్శకుడు కూడా గుద్దు సిల్క్‌బోర్డు దగ్గర ఆగిందని రాశాడు. బ్రెజిల్ విమర్శకుడు ఇంకాస్త లోతుకు దిగి, సిల్క్‌బోర్డు అంటే దక్షిణ భారత యుద్ధకళల్లో ఒక భంగిమ అని తన పాఠకులకు వివరించాడు.

ఇంత చదువు ఆట ఆడితే వస్తుందా?

సమీక్షకులకు గేముతో పాటు టీషర్టు పంపిన చిరునామాలు ఆఫీసులో ఉన్నాయి. శనివారం పొద్దున పదకొండుకు నళిని యలహంకలో ఆ తలుపు తట్టింది. హేమంత్‌కుమార్ టీషర్టు వేసుకునే ఉన్నాడు. అతను వారంలో అయిదు రోజులు కొరియర్ ఆఫీసులో పనిచేస్తాడు. సమీక్షలు సెలవురోజుల్లో రాస్తాడు. ఇంట్లో అతనూ అతని అవ్వ ఓబులమ్మా, ఇద్దరే.

“ఆ గుద్దు చేసింది నేనే,” అంది నళిని.

“నేనేం సుమ్నే ఊరికే రాయలేదు మేడమ్,” అని అతను కంట్రోలర్ ఆమె చేతిలో పెట్టాడు. “మీరే నొక్కి చూడండి.”

ఆమె నొక్కింది. గుద్దు ఆలస్యంగా వచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆలస్యమే. నళిని అక్కడున్న కుర్చీలో కూర్చుంది. ఏడు నెలలు ఎక్కడ తప్పు చేశానా అని ఆలోచించింది. తర్వాత కుడిచేతి గుద్దు బటన్ నొక్కింది. అది వేళకే వచ్చింది. కాలితన్నూ వేళకే వచ్చింది. ఆమె లేచి కంట్రోలర్‌ను కిటికీ వెలుగులో తిప్పి చూసింది. ఒక్క బటన్ చుట్టూ ఎర్రగా గట్టిపడి ఉంది.

“ఇదేంది?”

“కుంకుమమ్మా,” అంది ఓబులమ్మ వంటింట్లోంచి. “స్కూటరుకు పెట్టినా, మిక్సీకి పెట్టినా. వీడు దాంతోనే కదా రాసి సంపాదించేది, దానికి పెట్టకుంటే అలగదా?”

“సరిగ్గా బటన్ మీదనే పెట్టినారే అవ్వా.”

“యాడ ఎక్కువ కొడతాడో ఆడనే కదమ్మా పెట్టాల్సింది? మీ ఇంట్లో కత్తిపీటకు యాడ పెడతారు, చెక్కకా?”

నళిని వాళ్ళ ఇంట్లో కూడా అంచుకే పెడతారు.

“పూజలో పెట్టిన ఆయుధం ఆ పొద్దు ముట్టకూడదు,” అని ఓబులమ్మ బయటికొచ్చింది. “వీడు సాయంత్రానికి రాయాలంటాడు, కాళ్ళు పట్టుకుంటాడు. సరే, నేను పక్కింటికి తాంబూలానికి పొయ్యొచ్చేదాకా ఆడుకోరా అన్నా.”

“పదకొండు నిమిషాలు,” అన్నాడు హేమంత్‌కుమార్. “పక్కింట్లో కాఫీ ఇచ్చుంటే ఇంకొంచెం ఆడుండేవాణ్ణి.”

నళిని జడలోంచి పిన్ను తీసి బటన్ చుట్టూ గీకింది. తడిగుడ్డతో తుడిచింది. నొక్కింది. పద్నాలుగో ఫ్రేములో గుద్దు తగిలింది.

“ఏదీ, నన్నొకటి కొట్టనీ,” అంది ఓబులమ్మ. కొట్టింది. తెర మీద ఒకడు సముద్రంలో పడ్డాడు. “అయ్యో, వాడేం చేసినాడమ్మా పాపం?”

“మీరే కొట్టినారు అవ్వా.”

“అట్లనా? అయితే ఇంకొకడిని రమ్మను.”

హేమంత్‌కుమార్ మంచివాడు. అక్కడికక్కడే ఎడిటర్‌కు ఫోన్ చేసి, తప్పు తనదని, సరిదిద్దాలని చెప్పాడు. ఎడిటర్ ఒప్పుకోలేదు. ప్రపంచంలో నలభై రెండు మంది విమర్శకులు మనతో ఏకీభవించారు, ఇప్పుడు మార్చుకుంటే మనమొక్కరమే తప్పవుతాం అన్నాడు. ఆలోచిస్తే ఆయన చెప్పిందీ నిజమే. నలభై రెండు మందిని ఒంటరివాళ్ళను చెయ్యడం ధర్మమా?

సోమవారం హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. గుద్దును ఎనిమిది ఫ్రేములు తగ్గించాలి.

“తగ్గిస్తే ఆరుకొస్తుంది స్టాన్లీ,” అంది నళిని. “బటన్ మీద వేలు పెట్టేలోపే వాడు సముద్రంలో ఉంటాడు.”

“కుంకుమ సంగతి వాళ్ళకు రాద్దామా?”

“రాస్తే నమ్ముతారా?”

స్టాన్లీ తన కీబోర్డు వైపు చూశాడు. దాని మీద కూడా ఆయుధపూజ బొట్టు ఉంది. “నమ్మరు,” అన్నాడు. “మరి ఏం చేద్దాం?”

“ఏమీ చెయ్యొద్దు. అప్‌డేట్ మాత్రం పంపుదాం.”

“నేను టీకి పోతున్నా. వచ్చేసరికి పంపేసి ఉండు. నాకేమీ తెలియదు.”

అప్‌డేట్ వెళ్ళింది. మారింది వెర్షన్ నంబరు ఒక్కటే. దాని కింద నళిని ఒక వాక్యం రాసింది: ‘మియో ఎడమచేతి గుద్దు గురించి విమర్శకులు చెప్పినదాన్ని క్షుణ్ణంగా పరిశీలించాం.’ అందులో అబద్ధం లేదు.

నాలుగు రోజుల్లో ముప్పై ఒక్క మంది మార్కులు పెంచారు. గుద్దు ఇప్పుడు చురుగ్గా ఉందన్నారు. పోలండు విమర్శకుడు సిల్క్‌బోర్డు దాటేశామని రాశాడు. బ్రెజిల్ విమర్శకుడు భంగిమ సరిదిద్దారని మెచ్చుకున్నాడు. హేమంత్‌కుమార్ సమీక్షను అతని ఎడిటరే దిద్ది, ఆరును ఎనిమిది చేశాడు. ప్రపంచంతో పాటు నడవాలి కదా.

చూశారా? వీళ్ళు ఆడి ఉంటే ఏం జరిగేది? అప్‌డేట్‌లో ఏమీ లేదని పట్టుకునేవాళ్ళు. తొమ్మిది మంది రోడ్డున పడేవాళ్ళు. ఆడకపోవడం వల్ల పోబోయిన ఉద్యోగాలు, ఆడకపోవడం వల్లనే నిలిచాయి. ఇంతకన్నా సమతూకం ఏ వ్యవస్థలో ఉంది?

పదిహేనో రోజు సగటు డెబ్బై ఆరు. రెండో భాగం పని బెళ్ళందూరుకే వచ్చింది.

అదే రోజు నళినికి సర్వర్ రిపోర్టు కూడా అందింది. ఏ కాపీని ఎవరు ఎంతసేపు ఆడారో అందులో ఉంటుంది. విమర్శకులకు పంపిన కాపీలు నలభై మూడు. అప్‌డేట్‌కు ముందు తెరిచినవి ఆరు. అప్‌డేట్ తర్వాత తెరిచింది ఒకటి. అది యలహంకలోది. వారంలో అయిదు రోజులు, మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా ఆడుతున్నారు. గెలిచిన ఆటలు నూట పన్నెండు. అన్నీ ఎడమచేతి గుద్దుతోనే.

ఆ వేళకు హేమంత్‌కుమార్ కొరియర్ ఆఫీసులో ఉంటాడు.