తిరగరాసిన రికార్డులు

“రికార్డుల పరిరక్షణలో మన శాఖ రికార్డులు తిరగరాస్తుంది!” అని మంత్రిగారు ప్రకటించగానే సభ చప్పట్లతో దద్దరిల్లింది. చప్పట్లు కొట్టనిది రికార్డుల కార్యాలయ పర్యవేక్షకురాలు ఒక్కరే. ఆమెకు ఆ క్రియాపదం మింగుడుపడలేదు.

నిజానికి తమ వృత్తికి సర్టిఫికెట్ కావాలని ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నది ఆమే. ఈ కాగితం దిద్దడానికి వీల్లేదని సర్టిఫికెట్ లేని మనిషి అంటే పొగరు. ఉన్న మనిషి అంటే నియమం. ఆమెకు కావలసింది ఆ తేడాయే. మంత్రిగారు పెద్ద మనసుతో అర్జీ మన్నించారు. సర్టిఫికెట్ లేనివారెవరూ ఇకపై ఏ రికార్డునూ తాకరాదని ఉత్తర్వు కూడా వేయించారు.

పరీక్షాసంఘం వారు మంత్రిగారి మాటను అక్షరాలా పాటించే విధేయులు. కాబట్టి ప్రాక్టికల్ పరీక్షలో తలా ఒక పాత భూమి రికార్డు చూపించి, తిరగరాయమన్నారు.

“అసలు ప్రతిని ఏం చేయాలండీ?” అని ఆమె లేచి అడిగింది.

“దాన్ని పక్కన పెట్టండమ్మా. చూసి రాస్తే కాపీ కొట్టడం అవుతుంది.”

ఆమె తెల్లకాగితం ఇచ్చి వచ్చేసింది. ఉత్తీర్ణుడైనది మంత్రిగారి బావమరిది ఒక్కడే. అతని జవాబులో ఒక వాగు మర్యాదగా పక్కకు జరిగి, వాళ్ల అక్కగారి స్థలానికి చోటిచ్చింది. చేతిరాత కూడా ముత్యాల్లా ఉందని సంఘం మెచ్చుకుంది.

ఆమె కుర్చీ వరండాలోకి వచ్చింది. లోపల బావమరిది, బీరువాలు తెరిచే బద్ధకం వల్ల, ఏ ప్రతీ చూడకుండానే శ్రద్ధగా తిరగరాయసాగాడు.

కొన్నాళ్లకు మంత్రిగారి గది ముందు జవాను మంత్రిగారినే ఆపాడు. ఆయన రొప్పుతూ రికార్డుల కార్యాలయానికి వచ్చారు. వరండాలోని ఆమెకు లోపలి మాటలన్నీ వినిపించాయి.

“ఒరేయ్, ప్రమాణస్వీకారం చేసింది నేను కదరా?”

“నువ్వే బావా, కాదన్నదెవరు? కానీ అది నోటిమాట. ఇది సర్టిఫై అయిన రికార్డు. ఇందులో మంత్రిగా నా పేరుంది.”

“మీ అక్కకు ఏమని చెప్పమంటావురా?”

“నేను చెప్పేశాలే. కారు అదే కదా, ఇక బాధేముంది అంది.”

మంత్రిగారు న్యాయశాఖను ఆశ్రయించారు. సర్టిఫికెట్ ఉన్నవాడి సంతకం ముందు లేనివాడి జ్ఞాపకం చెల్లదని వారు సవినయంగా తెలియజేశారు. దాంతో ఆయన మళ్లీ వరండాకు వచ్చి, ఆమె ఎదుట నిలబడ్డారు. గొంతు బాగా తగ్గింది.

“అమ్మా, అసలు ప్రతి ఎక్కడుందో మీకు తెలుసుగా?”

“తెలుసండీ. మూడో గదిలో, కిటికీ పక్క బీరువాలో ఉంది.”

“ఒక్కసారి తీసి చూపించండమ్మా. మీకు పుణ్యముంటుంది.”

“తాకడానికి నాకు సర్టిఫికెట్ లేదండీ,” అని ఆమె లేచి, ఆయన కోసం తలుపు తీసి పట్టుకుంది. “మంత్రిగారు లోపలే ఉన్నారు. వారిని అడిగి చూడండి.”