దయచేసి మా గుమ్మానికి అడ్డం నిలబడండి

ఇల్లంటూ కొంటే టూరిస్టులు కాలినడకన తిరిగే సందులోనే కొనాలి! సముద్రం కనబడాలి, వెనక తోట ఉండాలి అని వెతికేవాళ్ళకి సుఖమంటే ఏమిటో తెలియదు.

నేను స్టాక్‌హోమ్ పాతపట్నంలో ఉంటాను. మా సందులో నిలబడి చేతులు చాపితే అటు గోడా ఇటు గోడా తగులుతాయి. రోజూ పొద్దున కాఫీ వేళకి తూవా అనే గైడు అమ్మాయి పచ్చ గొడుగు ఎత్తి పట్టుకుని అందులోకి వచ్చేది. వెనకాల ఊరు చూడవచ్చిన జనం. ఇంత ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా మా గుమ్మం ముందే ఆగేవారు. వేసవిలో మా ఇంట్లోంచి మేము బయటపడాలంటే వీసా తీసుకోవాలేమో అనిపించేది.

దీన్ని మా ఇరుగుపొరుగువాళ్ళు న్యూసెన్స్ అనేవారు. ఎంత అన్యాయం!

నాది కింది అంతస్తు. మా కిటికీకి ముక్కు ఆనించి లోపలికి చూడని దేశస్థులు లేరు. ఒకప్పుడు మధ్యాహ్నం దాకా నిక్కరుతో సోఫాలో పడి ఉండేవాణ్ణి. ఇప్పుడు తెల్లారేసరికి గడ్డం గీసుకుని, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, చేతిలో పుస్తకంతో కూర్చుంటాను. ఒకాయన నన్ను మ్యూజియం బొమ్మ అనుకుని చాలాసేపు చూశాడు. నేను తుమ్మగానే చప్పట్లు కొట్టాడు. చెప్పండి, మీరు తుమ్మితే ఎవరైనా చప్పట్లు కొట్టారా?

ఇక ఆరోగ్యం. సందు చివర దాల్చినచెక్క బన్నుల దుకాణం పోయి టూరిస్టులు కొనుక్కునే ఎర్ర చెక్కగుర్రాల బొమ్మల దుకాణం వచ్చింది. కూరగాయల కొట్టు పోయి వైకింగుల కొమ్ముల టోపీల కొట్టు వచ్చింది. మా పూర్వీకులకి కొమ్ములు లేవని చెబితే కొనేవాళ్ళకి కోపం కూడానూ. పాల ప్యాకెట్టు కావాలంటే వంతెన దాటి వెళ్ళాలి. దాంతో నా బీపీ దిగొచ్చింది. ఏ మందు వాడుతున్నారని డాక్టరు అడిగితే చెక్కగుర్రం అని చెప్పాను.

అన్నిటికంటే పెద్ద మేలు వేరే ఉంది. ఈ ఊరివాళ్ళం మేం మర్యాదస్థులం. బయటికి వెళ్ళేముందు తలుపుకున్న కన్నంలోంచి చూస్తాం, చెవి ఆనించి వింటాం. మెట్ల మీద పొరుగువాళ్ళుంటే, వాళ్ళు వెళ్ళేదాకా బూట్లు తొడుక్కుని లోపలే నిలబడతాం. ఎదురుపడితే పలకరించాలి కదా! పాపం, వాళ్ళని అంత ఇబ్బంది పెట్టడం తప్పు కాదూ?

మా పై అంతస్తులో గున్‌వోర్ గారని ఒకావిడ ఒంటరిగా ఉంటారు. నేనూ ఒంటరినే. ఈ పద్ధతి పాటించి ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎంతో సఖ్యంగా బతికాం.

ఈ వేసవిలో ఒక రోజు లెక్క తప్పింది. నేను నా తలుపు తీసేసరికి ఆవిడ అప్పటికే కింద వీధిగుమ్మంలో ఉన్నారు. ముందుకి పోదామంటే తూవా గుంపు. వెనక్కి తిరిగితే అమర్యాద. ఇద్దరం అక్కడ ఇరుక్కుపోయాం. బయట తూవా గొంతెత్తి చెబుతోంది: "ఈ ఇంటి పై అంతస్తులో ఇప్పటికీ ఒక ఆడదెయ్యం తిరుగుతోందండీ!"

"పై అంతస్తంటే మా ఇల్లే!" అన్నారు గున్‌వోర్ గారు ఉలిక్కిపడి.

"ఆ దెయ్యం మీరే అయి ఉంటారండీ," నోరు జారాను. "తెల్ల గౌనుతో కిటికీలో నిలబడితే ఫోటోలు తీసుకోరూ మరి!"

"ఆహా! అయితే కింద గురక పెట్టే భూతం సంగతి కూడా చెప్పమనండి. నా మంచం అదురుతుంది."

"అంత గట్టిగానా?"

"గురక పోనీండి, మీ రేడియో మాత్రం తగ్గించకండి తూరె గారూ. అందులో వాన కబురు వినే నేను గొడుగు తీసుకెళ్ళేది."

ఇన్నేళ్ళుగా నా రేడియో మీద ఆధారపడి ఒక మనిషి తడవకుండా ఉందన్నమాట! ఆ రోజంతా నేను సోఫాలో కూర్చుని ఊరికే నవ్వుకున్నాను.

మర్నాడూ ఇరుక్కున్నాం. ఆ తర్వాత ఆవిడ ఫ్లాస్కు తెచ్చుకుని మరీ ఇరుక్కోవడం మొదలుపెట్టారు. నేను వంతెన దాటి బన్నులు తెచ్చేవాణ్ణి. తూవా తొందరగా ముగిస్తే ఇద్దరికీ చిరాకేసేది.

ఇంతలో ఇళ్ళవాళ్ళ సంఘం మీటింగు వచ్చిపడింది. అధ్యక్షుడు స్తీగ్ లేచి, "ఈ గుంపుల్ని పక్క సందుకి మళ్ళించమని ఆ గైడమ్మాయిని అడుగుదాం. అందరికీ సమ్మతమేగా?" అన్నాడు.

నేను లేచి నిలబడి, "నాకు కొంచెం సందేహంగా ఉందండీ," అన్నాను. మా దగ్గర ఆ మాట అనడం బల్ల విరగ్గొట్టినంత పని. హాలంతా బిత్తరపోయింది.

"సందేహమా? ముక్కులు ఆనించేది మీ కిటికీకే కదండీ!" అన్నాడు స్తీగ్.

అంతమందిలో ఏమని చెప్పను? గున్‌వోర్ గారి వైపు చూశాను. ఆవిడ చెయ్యి సగం దాకా లేచింది. జుట్టు సవరించుకుని దిగిపోయింది. నేనూ కూర్చుండిపోయాను. తీర్మానం ఏకగ్రీవం. తూవాని మర్యాదగా అడిగారు, ఆ అమ్మాయి మర్యాదగా ఒప్పుకుంది. పచ్చ గొడుగు పక్క సందుకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా సందు ప్రశాంతంగా ఉంది. ఈ ప్రశాంతత తగలడిపోను! కాఫీ వేళకి పైన గడియ తీసిన చప్పుడు వినిపిస్తుంది. నేను బూట్లు తొడుక్కుని నా తలుపు వెనక నిలబడతాను. ఆవిడ మెట్లు దిగి, నా తలుపు దగ్గర కాస్త ఆగుతారు. నేను ఊపిరి బిగబడతాను. ఆవిడ వెళ్ళిపోతారు. ఆ పూట బన్ను సహించదు నాకు.

తలుపు తీసి పలకరించొచ్చు కదా అంటారా? ఏ కారణమూ లేకుండానా? ఊరికే, "బాగున్నారా" అనా? మర్యాద తెలిసిన మనిషి చేసే పనేనా అది!

అందుకని స్టాక్‌హోమ్ రాబోయే మీ అందరికీ ఒక మనవి. రాజభవనం ఎక్కడికీ పోదు, తీరిగ్గా చూడొచ్చు. ముందు మా సందుకి రండి. వీపున ఒక బ్యాగూ పొట్టమీద ఒక బ్యాగూ తగిలించుకుని రండి. గుమ్మంలో మ్యాపు విప్పి, ఎటు వెళ్ళాలో తేలక మీలో మీరు పోట్లాడుకోండి. వెండిజుట్టు ఆవిడ ఒకరు వచ్చి, కాస్త దారిస్తారా అని అడుగుతారు. ఎంత మర్యాదగా అడిగినా సరే, నాకు తలుపు తీసే ధైర్యం వచ్చేదాకా ఇవ్వకండి.