యాభయ్యో సీసా

కామారెడ్డిలో వైద్యశాస్త్రం ఒకే ఒక్క సీసా దూరంలో ఆగిపోయిందని పాఠకులకు తెలియజేయడానికి చింతిస్తున్నాం.

ఆ సీసా డాక్టర్ మహిపాల్‌ది. పీజీ పట్టా కోసం అతడు బొడ్డుపేగులోని రక్తనాళాల మీద థీసిస్ రాస్తున్నాడు. తల్లికి బీపీ పెరిగితే ఆ నాళాల గోడలు మందమై, దారి ఇరుకై, బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది. ఇది లోకానికి ఎప్పటినుంచో తెలుసు. మహిపాల్ మరోసారి కనిపెడితే తప్ప పట్టా రాదు. ఇందుకు ఆరోగ్యంగా ఉన్న తల్లుల పేగుముక్కలు యాభై, బీపీ ఉన్నవాళ్లవి యాభై కావాలి. కాన్పు కాగానే ముక్కను, చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో వేసి, తర్వాత సూక్ష్మదర్శిని కింద కొలవాలి.

ఆరోగ్యవంతుల జాబితా చకచకా నిండింది. అందులో యాభయ్యో గడిని భార్య రాజశ్రీకి ముందే రాసిపెట్టాడు. డాక్టరు భార్య ఆరోగ్యంగా కాక ఇంకెలా ఉంటుంది? ఆమె తొలి కాన్పుకని ఎల్లారెడ్డిలో తల్లిగారింట్లో ఉంది. బీపీ జాబితా మాత్రం నలభై తొమ్మిది దగ్గర మొరాయించింది. అప్పటినుంచి ఏ గర్భిణికైనా బీపీ మామూలుగా ఉందంటే మహిపాల్ ముఖం వాడిపోయేది. నూట అరవై అంటే నర్సులకు టీ తెప్పించేవాడు. తన బుద్ధి ఇంత పాడైందేమని అతడికే అనిపించింది. థీసిస్ గైడు దాన్ని శాస్త్రీయ దృక్పథం అన్నాడు గనక సర్దుకున్నాడు.

అలాంటి రోజుల్లో అత్తగారు నర్సవ్వ ఫోన్ చేసింది. ఆమె బీడీలు చుడుతుంది, చదివింది రెండో తరగతి.

"అల్లుడా, పిల్ల మెట్టెలు బిగుసుకపోయినయి. మొకం ఉబ్బింది. తల నొస్తుందంటుంది."

మహిపాల్ అప్పుడు 'గర్భిణుల్లో బీపీని తొలిదశలోనే గుర్తించుట' అనే ప్రసంగం రాసుకుంటున్నాడు. మధ్యలో ఈ పిలుపేమిటని విసుక్కున్నాడు. ఎనిమిదో నెలలో వాపు మామూలేననీ, పైగా రాజశ్రీ ఆరోగ్యవంతుల జాబితాలో ఉందనీ చెప్పి ఫోన్ పెట్టేశాడు. మర్నాడు ఆ ప్రసంగానికి శాలువా కప్పారు.

నర్సవ్వకు జాబితా సంగతి అర్థం కాలేదు. బిడ్డను ఊళ్లోని నర్సు కుల్సుం దగ్గరికి తీసుకెళ్లింది. కుల్సుం దగ్గర సూక్ష్మదర్శిని లేదు, బీపీ మిషన్ ఉంది. చూసింది, అంబులెన్సు పిలిచింది, తనూ ఎక్కింది.

ఎల్లారెడ్డి నుంచి ఒక కేసు వస్తోందని, బీపీ నూట డెబ్బై బై నూట పది అని ఆసుపత్రికి కబురొచ్చింది. మహిపాల్ పేరు అడగలేదు. అతడి ఫారంలో పేరుకు గడి లేదు. సీసా కడిగి, ఫార్మలిన్ పోసి, 'బీపీ 50' అని చీటీ అంటించాడు. అంబులెన్సు తలుపు తెరిచేసరికి చేతిలో సీసాతో, ముఖంలో పెండ్లికళతో అందరికంటే ముందు నిలబడ్డాడు.

మొదట నర్సవ్వ దిగింది. వెనకాల స్ట్రెచర్ మీద రాజశ్రీ.

"ఏందల్లుడా ఆ సీసల, మందా?" అని ఆశగా అడిగింది నర్సవ్వ.

మహిపాల్ సీసాను చొక్కా కింద దాచబోయాడు, పట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు ఎన్నడూ పడలేదు. ఆపరేషన్ జరిగినంతసేపు తలుపు బయట నేల మీద కూర్చున్నాడు.

తల్లి బతికింది. కిలోన్నర ఆడపిల్ల, అద్దాల పెట్టెలో ఉన్నా గట్టిగానే ఏడ్చింది. అలవాటు కొద్దీ ఎవరో పేగుముక్కను సీసాలో వేశారు. నాళాలు ఇంత ముచ్చటగా ఇరుకైన నమూనా తానెప్పుడూ చూడలేదని గైడు మెచ్చుకున్నాడు. ఆరోగ్యవంతుల జాబితాలో ఖాళీ అయిన గడి మరో తల్లి పేగుతో నిండింది, థీసిస్‌కు బంగారు పతకం వచ్చింది. అనుమతి లేకుండా ఊళ్లోని ఆరోగ్య కేంద్రం వదిలినందుకు కుల్సుంకు నోటీసు వచ్చింది.

పాప ఇంటికొచ్చిన రోజు మహిపాల్ అత్తగారి ముందు తలవంచుకుని, ఆ పేగు తనకు ఏమేం చెప్పిందో వివరించాడు. నర్సవ్వ బీడీ చుట్టడం ఆపి విన్నది.

"కోసినంక పేగు చెప్తే ఇన్నవు. కోయకముందు నేను చెప్తే ఇనకపోతివి."

తన థీసిస్ మొత్తంలో ఇంత చక్కని సారాంశం లేదని మహిపాల్ ఒప్పుకున్నాడు. కానీ చెప్పినామె చదువు రెండో తరగతి దాటలేదు గనక, నిబంధనల ప్రకారం అందులో చేర్చడం కుదరలేదు.